నోట్ల లైటు

ఎనుమాముల యార్డుల కరెంటు పోయిన రాత్రి
చపాట మిర్చి బస్తాల నడుమ
ఓదెలు అరిచిండు.
అరిచి, అరిచినందుకు సిగ్గుపడి
మడిమె పట్టుకొని కూలబడ్డడు.
పొద్దంతా బస్తాలు మోసిన మెడ
ఒక్కసారి చిన్నపిల్లగాని మెడ లెక్క వంగింది.

ఉల్లిగడ్డ రుద్దుమని ఒకరు, సున్నమని ఒకరు,
మంత్రమేసే ముసలామె దేశాయిపేటల ఉన్నదని ఇంకొకరు.
మూడు రోజుల సంది ధర కోసం
తన బస్తాల మీదనే పండుకుంటున్న
మొగుళ్లపల్లి మొండయ్య మాత్రం
లేవకనే అడిగిండు:
"నల్లదా, ఎర్రదా?"

ఎర్రదైతే, సన్నదైతే, ఎంజీఎంకు ఉరకాలె.
మండ్రగబ్బ అయితే
తెల్లారేదాక గుంజుతది, అంతే.
"ముందటి పట్కార్లు అంతంత లావుంటయి దానికి.
చేతులున్నోనికి విషంతోటి ఏం పని?"

సెల్లు లైటు కొడితే
నల్లది నల్లట్లనే కలిసిపోతున్నది.
అప్పుడు యాదికొచ్చింది గల్లాపెట్టె మీది లైటు,
దొంగనోట్లు పట్టేది, ఊదా రంగుది.
నేను గుమాస్తాను.
పదకొండేండ్ల సంది ఆ వెలుగుల
అయిదువందల కాగితాలు తిప్పుడే నా బతుకు.
దారం మెరుస్తదా, నంబరు మెరుస్తదా,
మెరవకపోతే ఎవని మొఖం దిక్కు చూడాలె.
ఆ లైటే తెచ్చి
బస్తాల సందుల పెట్టిన.

పచ్చగ.
నారుమడి పచ్చ కాదు, ఆకు పచ్చ కాదు,
పెండ్లి బ్యాండు బండి మీద
వెలిగే ట్యూబులైటు పచ్చ.
జానెడుకు జరంత తక్కువ.
కొండి ఎత్తి, కదలకుండ,
తన వెలుగు తనకే తెల్వనట్టు.

వీపు మీద పిల్లలు.
ఇరవయ్యో, ముప్పయ్యో.
అవి మెరుస్తలేవు.
తెల్లగ, మెత్తగ, బువ్వ మెతుకుల లెక్క
ఒకదాని మీద ఒకటి.
ఇంకా మొదటి పొర ఇడువలేదేమో,
నా లైటుకు అవి ఇంకా లెక్కల్లకు రాలే.

"తల్లి వీపు చీల్చుకొని పుడ్తయట, తల్లినే తింటయట"
అన్నడు ఓదెలు, నొప్పిల పండ్లు కొరుక్కుంట.
మొండయ్య ఇప్పుడు లేచిండు.
వంగి చానాసేపు చూసిండు.
"ఏడ తింటున్నయిరా? మోస్తున్నది గద.
నీ లెక్కనే."

ఓదెలు చేతిల చెప్పున్నది.
చెప్పు కిందికి దిగలేదు, పైకీ పోలేదు.

బస్తా మీది నంబరు చదివించుకున్నడు మొండయ్య.
రెండువందల పన్నెండు.
"నాదే. నా కల్లంల నుంచే వచ్చింది."
అటుకులు తెచ్చుకున్న టిఫిన్ డబ్బా దులిపి,
మూతకు మేకుతోటి నాలుగు తూట్లు కొట్టి,
మిర్చి తొడిమెలు పరిచి,
అట్టముక్క మీద ఎక్కించుకున్నడు
చుట్టాన్ని బండెక్కించినట్టు.

పొద్దున జెండా పాట పలికింది.
జెండా పలికిన ధర ఒక్క బస్తాకు,
మొండయ్య బస్తాలకు వేరే.
తేమ అన్నరు, తాలు అన్నరు,
తరుగు తీసి చేతుల పెట్టిన కాగితాలను
నేనే లైటు కింద తిప్పిన.
అన్నీ అసలైనవే.
అన్నీ కలిపినా తక్కువే.
ఆయన లెక్కపెట్టుకోలే.
డబ్బా చెవికి ఆనించుకొని నిలబడ్డడు.

పరకాల బస్సుల కండక్టర్ అడిగిండట
ఒళ్లె ఏందని.
"బాలింతను. టికెటు కొడ్తవా?"

ఓదెలు రెండు రోజులు కుంటిండు.
మూడో రోజు చీకట్ల, ఎవరూ లేంది చూసి,
మడిమె మీద లైటు పెట్టమన్నడు.
పెట్టిన.
ఏమీ మెరవలే.
గోర్ల సందుల మిర్చి దుమ్ము,
పగుళ్లు, పాత చెప్పు ఒరిపిడి.
"ఏం లేదా?" అన్నడు,
కొంచెం చిన్నబోయినట్టు.

ఇప్పుడు కరెంటు పోయినప్పుడల్లా
బస్తాల సందుల సందుల చూస్తున్న.
బ్యాటరీ ఇంత తొందరగ
ఎట్ల దిగుతుందని సేటు అడిగిండు.
నోట్లు ఎక్కువొస్తున్నయి సేటూ,
అని చెప్పిన.